పంచాంగం ఎవరి చేతిలో వుంది?

కాలం అందరికీ ఒక్కటేనని సామాన్యంగా అనుకుంటాం. సూర్యుడు జమీందారుకీ కూలీకీ ఒకే వేళకు ఉదయిస్తాడు, నిజమే. కాని ఏ రోజున పని మానాలి, ఏ రోజున కొత్తబట్ట కట్టాలి, ఏ నెలకోసం యెదురుచూడాలి అనేవి సూర్యుడు నిర్ణయించే విషయాలు కావు. వాటిని సమాజం నిర్ణయిస్తుంది. సమాజంలో పైచేయిగా వున్న వర్గం తన అవసరాన్నిబట్టి వాటిని దిద్దుతుంది. పండుగల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించవలసి వుంది.

వ్యవసాయ సమాజంలో పండుగకూ పనికీ సంబంధం ప్రత్యక్షమైనది. పంట యింటికి చేరాక సంక్రాంతి వస్తుంది. ఐరోపా గ్రామాల్లోనూ కోతలు ముగిశాకనే వుత్సవం. అలాగని ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించనక్కరలేదు. తెలంగాణాలో పండుగనాడు దొర గడీలో వెట్టి చేసినవాడికీ, డప్పు కొట్టి వూరి వెలుపలే నిలబడినవాడికీ అది పనిరోజే. అయినప్పటికీ ఆ పండుగ చేసిన పనికి ముగింపుగా వుండేది. దాని చూపు గడచిన రుతువుమీద వుండేది.

పెట్టుబడిదారీ విధానం పండుగలపట్ల మొదట చేసిన పని వాటిని కత్తిరించడం. ఇంగ్లండులో చేతిపనివారు ఆదివారంతోపాటు సోమవారంకూడా పని మానేవారు. ఆ సోమవారానికి వేళాకోళంగా 'సెయింట్' బిరుదు తగిలించారు. కార్ఖానా గంట ఈ అలవాటును ఎలా అణచివేసిందో చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. బాంక్ ఆఫ్ ఇంగ్లండు అంతకుముందు యేటా సుమారు 33 సెలవులు పాటించేది. 1834లో వాటిని నాలుగుకు కుదించారు. యంత్రం ఆగితే నష్టం. కనుక పుణ్యపురుషుల దినాలు కూడా లెక్కల పుస్తకంలో ఖర్చు కింద చేరాయి.

కాని సరుకు తయారైతే చాలదు, అమ్ముడుపోవాలి. ఇక్కడే రెండవ ఘట్టం ప్రారంభమవుతుంది. పండుగను తగ్గించిన వర్గమే యిప్పుడు పండుగను పెంచడానికి పూనుకున్నది. ఇందుకు అమెరికాలో 1939లో జరిగిన వుదంతం మంచి నిదర్శనం.

అక్కడ థాంక్స్‌గివింగ్ అనే కృతజ్ఞతాదినం వుంది. 1863లో అంతర్యుద్ధం నడుమ లింకన్ దానిని నవంబరు చివరి గురువారంగా ప్రకటించాడు. ఆ పండుగ ముగిశాకనే క్రిస్మస్ బేరాలు జోరందుకోవడం వాడుక. 1939లో నవంబరుకు ఐదు గురువారాలు వచ్చాయి, చివరిది 30వ తేదీ. అంటే ఆదివారాలు పోను క్రిస్మస్‌కు మిగిలే బేరపురోజులు 20 మాత్రమే. పెద్ద దుకాణాలవారు కలవరపడ్డారు. వారు 1933లోనూ ఇదే కోరారుగాని అప్పుడు ప్రభుత్వం వినలేదు. ఈసారి రూజ్‌వెల్ట్ అంగీకరించి, పండుగను 23వ తేదీకి జరుపుతున్నట్లు ఆగస్టులో ప్రకటించాడు.

దేశం రెండుగా చీలింది. దాదాపు సగం రాష్ట్రాలు కొత్త తేదీని, తక్కినవాటిలో చాలామటుకు పాత తేదీని పాటించాయి. టెక్సాస్, కొలరాడో రెండింటినీ పాటించాయి. కాలెండర్లు అచ్చువేసినవారూ, ఆటల పోటీలు కుదుర్చుకున్న కాలేజీలూ గగ్గోలు పెట్టారు. ఎగతాళిగా దీనికి రూజ్‌వెల్ట్ పేరు కలిపి 'ఫ్రాంక్స్‌గివింగ్' అన్నారు. ఇంత చేసినా అమ్మకాలు ఆశించినట్లు పెరగలేదని 1941లో ప్రభుత్వమే ఒప్పుకున్నది. మరి పాత తేదీ తిరిగి వచ్చిందా? రాలేదు. 1941 డిసెంబరులో చేసిన చట్టం పండుగను నాలుగవ గురువారానికి ఖాయపరచింది. పర్యవసానంగా ఆ పండుగ ఇక యేనాడూ 28వ తేదీ దాటదు. వర్తకుని ఆందోళన ఆ విధంగా శాసనంలో నిలిచిపోయింది. ఇప్పుడా పండుగ మర్నాటి శుక్రవారం చవకబేరాల దినంగా దేశదేశాలకు పాకింది.

ఈ మార్కెట్టు తన విమర్శకులనుకూడా వాడుకోగలదు. ఎంగెల్సు ఇంగ్లండు శ్రామికులపై రాసిన గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించిన ఫ్లారెన్స్ కెల్లీ, క్రిస్మస్ ముందురోజుల్లో అర్ధరాత్రిదాకా నిలబడి పనిచేసే దుకాణపు ఆడపిల్లల పక్షాన నిలిచింది. కొనుగోళ్లు ముందుగానే ముగించండని ఆమె నాయకత్వాన వినియోగదారుల లీగు ప్రజలను కోరింది. వర్తకులు ఆ నినాదాన్ని ఆనందంగా అందుకున్నారు. ముందుగా కొనడమంటే వారికి బేరం పొడుగునా సాగడమే గదా!

శ్రామికవర్గం తన సెలవులను ఎవరి దయవల్లనూ పొందలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు 1890లో నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన సాగిన ఆందోళన ఫలితం. చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినంకోసం 1886లో చేసిన పోరాటం మేడేకు మూలం. ఆ మేడేను మద్రాసులో 1923లో సింగారవేలు జరిపించాడు. అమెరికా ప్రభుత్వం మాత్రం 1894లో, పుల్‌మన్ కార్మికుల సమ్మె నడుస్తుండగా, మే నెల జోలికి పోకుండా సెప్టెంబరు మొదటి సోమవారాన్ని కార్మికదినంగా చట్టం చేసింది. నేడక్కడ ఆ రోజు చవకబేరాల రోజుల్లో ఒకటి. కార్మికుని పేరిట వచ్చిన సెలవునాడు దుకాణపు కార్మికునికి సెలవు లేదు!

మన దగ్గరి పరిస్థితి చూద్దాం. ఆషాఢం శూన్యమాసమని, పెళ్లిళ్లు పనికిరావని మన పెద్దలు అనేవారు. పెళ్లిళ్లు లేకపోతే బట్టల దుకాణాలకు బేరం లేదు. కనుక ఆషాఢం తగ్గింపుధరల నెల అయింది. అక్షయతృతీయనాడు బంగారం కొనకపోతే అపచారమేమో అనేంతవరకు ప్రచారం సాగింది. 2014 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఏ పంచాంగంలోనూ లేని ఒక 'బిగ్ బిలియన్ డే'ను ప్రకటించి, దసరా దీపావళుల నడుమ నిలిపింది. రైతు నక్షత్రాలనుబట్టి కార్తెలు లెక్కించేవాడు. పట్టణపు కుటుంబం నేడు ప్రకటనలనుబట్టి నెలలు లెక్కిస్తున్నది. దాని చూపు గడచిన పనిమీద కాదు, రాబోయే ఖర్చుమీద వుంటుంది. కష్టఫలం అనుభవించే రోజు పోయి, అప్పు మొదలయ్యే రోజు వచ్చింది.

'చవకగా దొరికితే పేదవానికి మేలేగదా' అని కొందరంటారు. బిడ్డకు కొత్త చొక్కా కొనే తండ్రిని ఎవరూ తప్పుపట్టరు. ప్రశ్న వేరు. ఆ చొక్కా అమ్మే కుర్రవాడు పండుగనాడు ఎన్ని గంటలకు యిల్లు చేరుతున్నాడు? మూట మోసుకొచ్చే బండివాడికి ఆ పూట సెలవుందా? పండుగను మతవాదులకో వర్తకులకో వదిలిపెట్టి, మనం దూరంగా నిలబడి వెక్కిరిస్తే ఈ ప్రశ్నలు అడిగేవారుండరు. ఎనిమిది గంటలకోసం పోరాడిన వర్గానికి పండుగనాటి విశ్రాంతికోసం పోరాడే బాధ్యత కూడా వుంది. పాఠశాలల్లో చరిత్ర చెప్పే మిత్రులు రాజుల తేదీలతోపాటు మన సెలవుల చరిత్రనుకూడా చెప్పడం ప్రారంభిస్తే, ఆ పోరాటానికి అదొక మొదటి మెట్టు కాగలదు.