వానకాలపు ఉమ్మడి పాదులు

రాయలసీమ పల్లెల్లో కూరపాదులు పెట్టే కాలాన్ని కార్తెలే చెప్పేవి. జ్యేష్ఠ మాసంలో ఏరువాక పున్నమికి కాడి కడతారు. జూన్ రెండో వారానికి మృగశిర కార్తె వస్తుంది. తొలకరికి నేల పదునెక్కగానే బీర, సొర, కాకర, గుమ్మడి గింజలు పాదులకెక్కుతాయి. బావి, కపిల ఉన్న రైతు ఏడాదంతా కూరగాయలు పండించుకోగలడు. అవి లేని ఇంటికి ఈ మూడు నాలుగు నెలల వానే తోట. ఉమ్మడిగా కూరగాయలు పెంచే అలవాటు వానకాలంలోనే ఎక్కువగా కనిపించడానికి ఇదే ముఖ్య కారణం.

పాదు ఎక్కడ పెట్టాలో నేల చెప్పేది. నంద్యాల జిల్లాలోని పగిడ్యాలనే చూడండి. ఈ చుట్టుపట్ల నల్లరేగడి ఎక్కువ. ముంగారి (తొలకరి) వాన గట్టిగా కురిస్తే రేగడిలో నీరు నిలిచి బీర, కాకర వేళ్లు కుళ్లిపోతాయి. పాత రోజుల్లో రేగడి చేలను హింగారికి (రబీకి) అట్టిపెట్టి, అప్పుడు జొన్న, శనగ వేసేవాళ్లు. కూరపాదులకు మిగిలింది నీరు జారిపోయే మెరక జాగా. అంటే ఇంటి దొడ్డి, ఎరువు దిబ్బ పక్క, నూర్పిళ్లు లేక ఖాళీగా ఉన్న కళ్లం అంచు. అలసంద, గోగు, గోరుచిక్కుడు మాత్రం చేలో పైరు మధ్య సాళ్లలోనే పెరిగేవి.

ఈ పాదుల్లో అన్నీ ఈ నేలవి కావు. వంగ, బీర మన ఉపఖండంలోనే సాగుకు వచ్చాయి. గోగు ఆఫ్రికా నుంచి వచ్చింది. మిరప, టమాట, గుమ్మడి అమెరికా ఖండాల నుంచి 1500 తర్వాత ఓడలెక్కి వచ్చినవి. అయితే ఏ ఖండం నుంచి వచ్చిన గింజైనా చివరికి పక్కింటి నుంచే మన దొడ్డిలోకి దిగింది. ఆ పక్కిల్లే ఈ చరిత్రకు మూలం.

పాతకాలపు కూరతోటలో ఉమ్మడిగా ఉన్నవి మూడు: విత్తనం, కష్టం, కాయ. విత్తనం పని ఆడవాళ్లది. పాదుకు మొదట కాసిన మంచి బీరకాయను కోయకుండా వదిలి, తీగ మీదే ఎండనిచ్చి, దూలానికి వేలాడదీస్తారు. బాగా ఎండిన కాయకు తొడిమకు ఎదురుగా ఉన్న కొసన చిన్న మూత ఊడి నల్లని గింజలు రాలుతాయి. సొర, గుమ్మడి గింజలనైతే కడిగి బూడిదలో కలిపి దాచేవాళ్లు, లేకుంటే పచ్చి పేడముద్దలో అద్ది గోడకు కొట్టేవాళ్లు. పేడ ఎండాక పురుగు సోకదు. మృగశిరకు పిడక చిదిపితే గింజలు చేతికొస్తాయి. ఇరుగుపొరుగుకు విత్తనం ఇవ్వడం బాధ్యత కూడా. సొరలో చేదు కాయలు కాసే పాదు ఒక్కోసారి వస్తుంది. ఆ చేదు ఒంటికి హాని చేస్తుంది కాబట్టి చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదైతే ఉమ్మేసి, ఆ పాదు విత్తనం ఎవరికీ ఇవ్వరు.

కష్టంలో పాలుపంచుకోవడం బదులు పద్ధతిన సాగేది. ఈ రోజు ఒకరి పందిరికి నలుగురు గుంజలు పాతితే, మర్నాడు ఆ ఇంటివాళ్లు మరొకరి గుంట తవ్వడానికి వెళతారు. ఒకే పందిరికి బీరనూ చిక్కుడునూ ఎక్కిస్తే బీర రెండు నెలల్లోపే కాపుకొస్తుంది. నాటు చిక్కుడు పగటి వెలుగు తగ్గితే గానీ పూయదు కాబట్టి కార్తీకం తర్వాత కాస్తుంది. బీర తీగ ఎండేనాటికి పందిరి చిక్కుడుది. చిక్కుడుకు పేనుబంక పట్టినప్పుడు పొద్దున్నే మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లుతారు.

ఇక కాసిన కాయ ఇరుగుపొరుగుకూ వెళ్లేది. నాలుగోదైన భూమి మాత్రం ఎన్నడూ ఉమ్మడి కాలేదు. దొడ్డి లేని కూలి ఇంటికి, దళితవాడకు ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో దక్కింది చాలా తక్కువ. పాత పల్లె సహకారాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాచకూడదు. నీటి విషయంలోనూ అంతే. సుంకేసుల ఆనకట్ట నుంచి కర్నూలు–కడప కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. నీళ్లు వచ్చింది కాలువ కింద పొలం ఉన్నవాళ్లకే. 1981 నాటికి పూర్తయిన శ్రీశైలం జలాశయం వందకు పైగా ఊళ్లను ముంచింది. ఇళ్లతో పాటు దొడ్లు, పందిళ్లు, గింజలిచ్చే ఇరుగుపొరుగు అన్నీ చెదిరిపోయాయి.

భూమిని కూడా ఉమ్మడి చేసిన గట్టి ప్రయత్నం తెలుగు నేల మీద జహీరాబాద్ దగ్గర జరిగింది. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. భూమి లేనివాళ్లు జట్టుగా చేను కౌలుకు తీసుకుని, కలిసి విత్తి, కలిసి కలుపు తీసి, పంటను పంచుకున్నారు. ఒకే చేలో జొన్న, కంది, అనుములు, అలసంద, గోగు వంటి ఇరవై దాకా పంటలు కలిపి వేశారు. వాన తర్వాత సాళ్లలో తమంతట తాము మొలిచే జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలికూరలను కలుపని పారేయలేదు, కూరకు కోసుకున్నారు. ఆ ఆకుకూరల తోట విత్తకుండానే ఉమ్మడి. విత్తనాలను బుట్టల్లో దాచి, డబ్బుకు అమ్మకుండా, తీసుకున్నదానికి కొంత ఎక్కువ కలిపి తిరిగిచ్చే పద్ధతి పెట్టుకున్నారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పే పాత పంటల జాతర చేస్తారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పొదుపు సంఘాల ఆడవాళ్ల ద్వారానే పల్లెల్లోకి వెళ్లింది. వానకు ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లడం, ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలను విడతలవారీగా వేయడం అందులో భాగాలు. విత్తనం, శ్రమ, కషాయాల తయారీ సంఘం కలిసి చేసుకుంటుంది. భూమి మళ్లీ ఎవరిది వాళ్లదే.

భూమి చిక్కును చట్టంతో తీర్చాలని చూసినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో 1908 చట్టం కూరగాయల మడికి జాగా అడిగిన కూలివాళ్లకు దాన్ని సమకూర్చే బాధ్యతను స్థానిక కౌన్సిళ్ల మీద పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు పదకొండు నెలల ఒప్పంద పత్రం ఇస్తుంది. మృగశిరకు గింజ వేసి, చిక్కుడు కాపు అయిపోయేదాకా ఆ గడువు సరిపోతుంది. అయితే ఆ చట్టం ప్రకారం పత్రం మీద భూయజమాని సంతకం తప్పనిసరి.