విప్పని లకోటా

బొర్రా అనగానే యాత్రికులకు గుహలు, న్యాయవాదులకు 1997 నాటి సమత తీర్పు గుర్తుకు వస్తాయి. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గనులకోసం గిరిజనేతరులకు లీజు కివ్వరాదని సుప్రీంకోర్టు చెప్పిన ఆ కేసు ఈ అనంతగిరి కొండల్లోనే పుట్టింది. భూమి విషయంలో కోర్టు దాకా దారి పడింది. మరి ఓటు విషయంలో?

ఈ కొండల్లో ఇంటిపేర్లు కొద్ది: పాంగి, కిల్లో, కొర్రా, వంతల. పుట్టిన వారాన్నిబట్టి పేరు పెట్టుకునే అలవాటు కూడా వున్నచోట, ఒకే జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనపడడం వింత కాదు. దొంగఓటే పడనక్కరలేదు. గుమాస్తా గీత ఒక వరుస పైన పడితే చాలు, తర్వాత వచ్చిన మనిషికి "నీ ఓటు పడిపోయింది" అన్న జవాబు సిద్ధం.

1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో 42వది ఇటువంటి వారికోసమే. అధికారి ప్రశ్నలకు సరైన జవాబు చెప్పిన ఓటరుకు, వెనుక "టెండర్ బ్యాలెట్" అని రాసిన కాగితం ఇస్తారు. గుర్తు వేసి మడిచి ఇస్తే, అది పెట్టెలోకి పోదు, లకోటాలోకి పోతుంది. యంత్రాలు వచ్చాక 49-పి నియమమూ ఇదే చెప్పింది. లెక్కింపునాడు ఆ లకోటాను విప్పరు. ఇంగ్లండులో 1872 నాటి బ్యాలెట్ చట్టంలో వేరే రంగు కాగితంతో వున్న పద్ధతే ఇది. తెల్లదొర వెళ్లిపోయాడు, లకోటా మిగిలింది!

అమెరికాలో 2002 చట్టం ప్రకారం, అర్హత తేలని ఓటును విడిగా వుంచి, పోలింగు తర్వాత అధికారులే విచారించి, చెల్లితే లెక్కలో కలుపుతారు. తన ఓటు ఏమయిందో ఓటరు తెలుసుకోవచ్చు. ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క కొలత గనుక ఆ దేశాన్ని ఆకాశానికెత్తవలసిన పనిలేదు. కాని విచారణ అధికారి బాధ్యత అన్న సూత్రం గమనించదగ్గది.

మనదగ్గర లకోటా విప్పాలంటే ఎన్నికల పిటిషను కావాలి. 1966 సవరణకు ముందు ట్రిబ్యునలు, తర్వాత హైకోర్టు. స్వల్ప తేడాతో ఓడిన అభ్యర్థికి తప్ప ఆ అవసరం ఎవరికి? ఈ కొండల దిగువన అనకాపల్లి లోక్‌సభ స్థానంలో 1989లో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఓడింది ఒకే ఒక్క ఓటుతో. అక్కడి టెండర్ ఓట్ల తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిటిషనులో పేర్కొనని ఓట్ల జోలికి పోరాదని 2011లో తీర్పు వచ్చింది. అంటే ఓటరు హక్కు అభ్యర్థి వకీలు రాతమీద ఆధారపడింది.

ఓటరు కూడా స్వయంగా పిటిషను వేయవచ్చునని చట్టంలో వుంది. 45 రోజుల గడువు, 2000 రూపాయల ధరావతు, ఆపైన వకీలు ఫీజు. 2019 నుంచి హైకోర్టు అమరావతిలో వున్నది. బొర్రాలో బండెక్కిన మనిషి ముందు విశాఖపట్నం దిగాలి.