పహాడీ షరీఫ్ చుట్టూ నేల: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

శంషాబాద్ ప్రాంతంలో నేల ఎలా మారిందన్న ప్రశ్నకు చాలాకాలంగా ఒకే జవాబు వినిపిస్తోంది. 1996లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాల ఎగువ పల్లెలను కాపాడిందని, సర్పంచులు డబ్బుకు ఆశపడి లేఅవుట్లకు సంతకాలు పెట్టి దానికి తూట్లు పొడిచారని, 2008లో విమానాశ్రయం రావడంతో మిగిలింది కూడా పోయిందని అంటారు. ఇందులో అబద్ధం తక్కువే. కానీ వదిలేసింది చాలా ఉంది. ఏ సర్పంచ్ ఏ అధికారంతో సంతకం పెట్టాడు, ఆ సంతకానికి ముందూ వెనుకా ఇంకెవరి సంతకాలు ఉన్నాయి, అడవి ఎక్కడ ఉండాలో ఇళ్లు ఎక్కడ లేవాలో చెప్పే హక్కు ఈ ఊళ్లకు ఎప్పుడైనా ఉందా అన్న విషయాల జోలికి ఈ కథ పోదు. ఆ హక్కు ఊళ్లకు ఎన్నడూ దక్కలేదన్నదే నా వాదన. నష్టానికి అసలు మూలం పంచాయతీల అవినీతి కంటే వాటి చేతికి ఏమీ ఇవ్వకపోవడంలోనే ఎక్కువగా ఉందని కాగితాలు చూపిస్తున్నాయి.

పాత చరిత్ర చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెప్తాను. పహాడీ షరీఫ్ గుట్ట మీద 13వ శతాబ్దపు సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉంది. చుట్టూ రాతి గుట్టలు, తుప్పల అడవి, వాటి మధ్య చెరువులు, మెట్ట చేలు. శంషాబాద్ పాయెగా అమీరుల జాగీరు. సంస్థానం కాలంలో పశువుల మేతకూ వేటకూ విడిచిన కంచలు ఈ దిక్కున చాలా ఉండేవి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాక ఆ నేల రెవెన్యూ శాఖ లెక్కల్లోకి వెళ్లింది. అడవిగా గుర్తించిన బ్లాకులు 1355 ఫసలీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం కింద, ఆ తర్వాత 1967 అటవీ చట్టం కింద అటవీ శాఖకు చెందాయి. దర్గా పేరిట ఉన్నవి వక్ఫ్ భూములు. మామిడిపల్లిలోని ఆ భూముల మీద, విమానాశ్రయానికి ఇచ్చిన వాటితో సహా, వివాదం ఇంకా నడుస్తూనే ఉంది. ఇమారత్ కంచలో 1980ల చివర్లో డీఆర్‌డీవో పరిశోధన కేంద్రం వెలసింది. శంషాబాద్ మీదుగా పోయే బెంగళూరు రహదారిలో ఇంకాస్త దక్షిణాన ఉన్న షాద్‌నగర్‌లో 1959 అక్టోబర్ 11న నెహ్రూ రాష్ట్ర పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించారు. పంచాయతీ ఏర్పడే నాటికే ఊరి చుట్టూ ఉన్న నేల వక్ఫ్‌కూ అటవీ శాఖకూ రెవెన్యూకూ పట్టాదారులకూ పంచబడి ఉంది. వీధిదీపాలు, బావులు, ఇంటిపన్ను మాత్రం పంచాయతీకి మిగిలాయి.

అసలు తగవు ఉన్నది 1994 నుంచి 2000 దాకా సాగిన కాలం మీద. దాన్ని తొందరగా దాటిపోవడం వల్లనే మనకు తప్పుడు కథ మిగిలిందని నేననుకుంటున్నాను. 1994 మార్చి 31న జీవో 192 వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలో కాలుష్య పరిశ్రమలను నిషేధించిన మొదటి ఉత్తర్వు అది. సరిగ్గా రెండు నెలలకు, మే 30న, 73వ రాజ్యాంగ సవరణను అనుసరించి చేసిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం అమలులోకి వచ్చింది. ఊళ్లకు స్వపరిపాలన ఇస్తున్నామని ఒకవైపు చట్టసభ చెబుతుండగానే, ఆ ఊళ్లలో ఏది కట్టవచ్చో ఏది కట్టకూడదో మరోవైపు సచివాలయం తేల్చేసింది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 దీన్ని ఇంకా విస్తరించింది. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపల పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదంది. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. వాటిలో ఎక్కువ శంషాబాద్, మొయినాబాద్ మండలాలవే. నేలలో 90 శాతం సాగుకో, పచ్చదనానికో, పరిరక్షణకో ఉండాలంది. ఉద్దేశం మంచిది, అవసరమైనది, అందులో నాకు సందేహం లేదు. అయితే ఈ ఉత్తర్వు ఇచ్చింది పురపాలక శాఖ. పురపాలక సంఘమే లేని పల్లెల భూవినియోగాన్ని నిర్ణయించిన శాఖ అది. అమలు బాధ్యత నగరాభివృద్ధి సంస్థ హుడాకు, జలమండలికి, కాలుష్య నియంత్రణ మండలికి పోయింది. ఈ ఏర్పాటులో గ్రామసభ మాటకు విలువ ఉన్న చోటు ఒక్కటీ లేదు.

రాజ్యాంగంలోనే ఈ లోటుకు వేరు కనిపిస్తుంది. పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాల 11వ షెడ్యూలులో సామాజిక అడవులు, చిన్న తరహా అటవీ ఉత్పత్తులు, నేల సంరక్షణ ఉన్నాయి. భూవినియోగ నియంత్రణ మాత్రం లేదు. అది పట్టణాలకు ఉద్దేశించిన 12వ షెడ్యూలులో, నగర ప్రణాళికతో పాటు, పట్టణ అడవుల పెంపకంతో పాటు ఉంది. పల్లె పల్లెగా ఉన్నంత కాలం మొక్కలు నాటే పని దానిది. ఆ మొక్కలు ఏ నేలలో ఉండాలో చెప్పే పని మరొకరిది.

నా వాదనకు ఎదురుగా నిలబెట్టే సాక్ష్యం పెద్దషాపూర్. శంషాబాద్ మండలంలోని ఆ ఊళ్లో సురానా ఆయిల్స్ సంస్థ 1995లో 12 ఎకరాలు కొని ఆముదం ఉత్పత్తుల కర్మాగారానికి దరఖాస్తు చేసింది. జీవో 111 వచ్చిన మూడు నెలలకే, 1996 మే 31న, గ్రామ పంచాయతీ ఆ నిర్మాణ ప్లానుకు ఆమోదం తెలిపింది. పంచాయతీలను తప్పుపట్టేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, నిజమే. ఆ ఆమోదం తప్పే. కానీ కాగితాలను వరుసగా పెట్టి చూడాలి. పంచాయతీ కంటే ముందే, 1995 నవంబరులో, రాష్ట్ర ప్రభుత్వం ఈ పరిశ్రమను కేంద్రానికి సిఫారసు చేసింది. పంచాయతీ తర్వాత, 1996 సెప్టెంబరులో, జిల్లా కలెక్టరు ఆ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చడానికి అనుమతి ఇచ్చారు. 1997 జూలై 3న రాష్ట్ర ప్రభుత్వమే జీవో 153తో ఆ ఒక్క సంస్థకు 10 కిలోమీటర్ల నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. అదే నెలలో కాదన్నది కాలుష్య నియంత్రణ మండలి. అప్పీలు అధికారి 1998 జనవరిలో ఆ నిరాకరణను కొట్టేశారు, హైకోర్టు కూడా సంస్థ వైపే మొగ్గింది. చివరికి సుప్రీంకోర్టులో, మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసులో, 1999 జనవరిలో వచ్చిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని మన చట్టంలో గట్టిగా నిలిపింది. 2000 డిసెంబర్ 1న వచ్చిన తుది తీర్పు ప్రభుత్వమిచ్చిన మినహాయింపును చెల్లదంది. ఈ వరుసలో పంచాయతీ సంతకం అన్నిటికంటే చిన్నది. అది లేకపోయినా కర్మాగారానికి అడ్డు పడేది కాదు. జీవో 111కు తొలి తూటు పొడిచింది దాన్ని రాసిన సచివాలయమే.

అయితే పంచాయతీ లేఅవుట్ల మాటేమిటని అడగవచ్చు. హైదరాబాద్ చుట్టూ వేలాది ఎకరాలు 'జీపీ లేఅవుట్లు'గా ముక్కలైన సంగతి అందరికీ తెలుసు. సాంకేతిక అనుమతి లేకుండా సర్పంచ్ సంతకంతోనే ప్లాట్లు అమ్ముడుపోయాయి. 2007, 2015, 2020లలో క్రమబద్ధీకరణ పథకాలు పెట్టాల్సి వచ్చింది. చివరి దానికి రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అధికారం ఇచ్చి ఉంటే ఇంకా ఎంత అమ్ముకునేవారోనన్న భయం సహజమే. కానీ పంచాయతీకి డబ్బు ఎలా వస్తుందో చూడండి. నిర్మాణ అనుమతుల రుసుము, ఇంటిపన్ను, భూమి చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ మీద వచ్చే సుంకంలో వాటా, ఇవే దాని ముఖ్య రాబడి. నేల సాగులో ఉంటే, కంచగా ఉంటే, చెరువు శిఖం ఖాళీగా ఉంటే దాని ఖజానాకు పైసా రాదు. జలాశయానికి నీరు పంపే పల్లెకు ఆ నీటి బిల్లులో భాగం ఏనాడూ లేదు. నిలుపుకుంటే నష్టం, మార్చితే రాబడి అనే ఏర్పాటులో పెట్టి, తర్వాత మార్చారని నిందించడం సరైన విమర్శ కాదు. సర్పంచుల్లో అక్రమార్కులు లేరనడం లేదు. వారిని శిక్షించాలి కూడా. కానీ అదే ఏర్పాటులో మంచి సర్పంచ్ చేయగలిగింది కూడా పెద్దగా లేదన్నది గుర్తించాలి.

2000ల మొదట్లో నిర్ణయాలు పల్లెకు ఇంకా దూరం జరిగాయి. విమానాశ్రయ ప్రాంతానికి హాడా అనే ప్రత్యేక అభివృద్ధి సంస్థ వచ్చింది. 2005 మార్చిలో శంకుస్థాపన జరిగి, 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో హాడా, హుడా కలిసిపోయి మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఏర్పడింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు అటూఇటూ కిలోమీటరు మేర అభివృద్ధి కారిడార్ గీశారు. 2013 జనవరి నాటి మహానగర ప్రణాళికలో జీవో 111 పరిధిని జీవ పరిరక్షణ మండలంగా చూపారు. పటం మీద గీత బాగానే ఉంది. ఆ గీతను మార్చే అధికారం మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంది. దరఖాస్తు చేసుకున్న వారికి సర్వే నంబర్ల వారీగా భూవినియోగ మార్పిడి ఉత్తర్వులు వచ్చాయి. పరిశీలించి చెప్పాల్సింది హెచ్‌ఎండీఏ, ఇవ్వాల్సింది పురపాలక శాఖ. సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్చే నాలా అనుమతి 2006 చట్టంతో రెవెన్యూ అధికారికి వెళ్లింది. తన పొలిమేరలో ఏం రాబోతోందో గ్రామసభకు బోర్డు పాతిన తర్వాతే తెలిసేది.

ఈ నేపథ్యంలో చూస్తేనే 2022 ఏప్రిల్ నాటి జీవో 69 అర్థమవుతుంది. జీవో 111 ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు అది ప్రకటించింది. 2023 మేలో మంత్రివర్గం పూర్తి రద్దుకు నిర్ణయించింది. కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కనుక జంట జలాశయాలు ఇక తాగునీటికి అవసరం లేదన్నది కారణం. ఆంక్షలు పోవాలని అంతకుముందే పలు పంచాయతీలు తీర్మానాలు చేశాయి. పల్లెలకు పర్యావరణం పట్టదనడానికి వీటిని రుజువుగా చూపుతారు. కానీ పాతికేళ్లకు పైగా ఆ ఉత్తర్వు ఊరికి ఇచ్చింది నిషేధమే, పరిహారం కాదు, భాగస్వామ్యం కాదు. తమది కాని రక్షణను ఎవరు మాత్రం నిలబెట్టుకుంటారు? ప్రభుత్వ వాదనలో ఇంకో లోపం కూడా ఉంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ జలాశయాల మొదటి పని వరదను ఆపడం, తాగునీరు ఆ తర్వాతిది. 2025 సెప్టెంబరు చివర్లో గేట్లెత్తిన నీరు మూసీలో పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను ముంచెత్తింది. ఎగువ నేలంతా కాంక్రీటు అయితే ఆ నీరు ఇంకా వేగంగా వస్తుంది.

నేటి పరిస్థితి గురించి నాకు ఆశ తక్కువ. రాష్ట్ర మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం వచ్చాక స్థానిక సంస్థలకు పచ్చదనం బాధ్యత దక్కిందంటారు. నర్సరీలు, పల్లె ప్రకృతి వనాలు, పది శాతం హరిత బడ్జెట్ వచ్చాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2019 పురపాలక చట్టం ప్రజాప్రతినిధులను బాధ్యులను చేసింది. వీటి వల్ల రోడ్ల పక్కన చెట్లు పెరిగిన మాట వాస్తవం. అయినా మొక్కల లెక్కకు జవాబు చెప్పాల్సిన కౌన్సిలరుకు, ఎకరాల కొద్దీ కంచను వేలం వేసేటప్పుడు మాట్లాడే చోటు లేదు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను ఆపడానికి సుప్రీంకోర్టు రావాల్సి వచ్చింది. ఇక పహాడీ షరీఫ్ సంగతి చూస్తే, అది 2016లో జల్‌పల్లి పురపాలికలో భాగమైంది. భూవినియోగ నియంత్రణ ఉన్న 12వ షెడ్యూలు అప్పుడు దానికి వర్తించింది, కాగితం మీద. తొలి కౌన్సిల్ 2020 జనవరిలో ఎన్నికై 2025 జనవరిలో ముగిసింది. తర్వాత ప్రత్యేకాధికారి పాలన, 2025 డిసెంబరులో జల్‌పల్లి, శంషాబాద్‌లతో సహా 27 సంస్థలు జీహెచ్‌ఎంసీలో విలీనం. ఎన్నికైన పట్టణ సభ ఆ గుట్ట చుట్టూ ఉన్న నేల గురించి మాట్లాడగలిగిన కాలం ఐదేళ్లు మాత్రమే. ఇంకా దక్షిణాన 56 గ్రామాలు, 765 చదరపు కిలోమీటర్లు 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థకు వెళ్లాయి.

పై అధికారం పూర్తిగా అనవసరమని నేను అనను. వాగు ఒక ఊరి పొలిమేర దగ్గర ఆగదు. ఒక పంచాయతీ ఒప్పుకుని పక్కది కాదంటే పరీవాహకం నిలవదు. రిజర్వు అటవీ బ్లాకులు నేటికీ మిగిలాయంటే రాష్ట్ర చట్టం గట్టిగా ఉండటమే కారణం. చట్టం కిందికి రాని కంచలే ముందుగా పోయాయి. కానీ పైవారి నిషేధం ఒక్కటే చాలదని పెద్దషాపూర్ చెబుతోంది, నిషేధించినవారే మినహాయింపు ఇవ్వగలరు కనుక. పైవారి నిషేధాన్నీ ఊరి మాటనూ కలపడం అసాధ్యమేమీ కాదు. కేరళ 2008లో చేసిన వరిభూముల, చిత్తడి నేలల పరిరక్షణ చట్టం పంచాయతీ అధ్యక్షుల నాయకత్వంలో స్థానిక పర్యవేక్షణ కమిటీలను పెట్టింది. మార్పిడి కోరే దరఖాస్తు ముందు వాటి దగ్గరికి రావాలి. ఆ చట్టానికి తర్వాత సవరణలతో సడలింపులు వచ్చాయి, అక్కడా ఉల్లంఘనలు ఉన్నాయి. అయినా ఏ పొలం పూడ్చబోతున్నారో ఊరికి ముందుగా తెలుస్తుంది, అభ్యంతరం రికార్డులోకి ఎక్కుతుంది. ఇక్కడ 2050 వరకు కొత్త మహాప్రణాళిక తయారుచేస్తామంటున్నారు. జల్‌పల్లికి ఇప్పుడు పురపాలిక లేదు కనుక, ఆ పటం మీద పహాడీ షరీఫ్ గుట్ట రంగు ఏదో చెప్పాల్సిన సభ కూడా ఇప్పుడు అక్కడ లేదు. వార్డు స్థాయిలోనైనా అలాంటి సభను ముందు ఏర్పాటు చేయాలి, పటం గీసే పని ఆ తర్వాత మొదలవ్వాలి.