పక్షికున్నపాటి మర్యాద

సెలవు దొరికితే కెమెరా సంచి భుజాన వేసుకుని గండికోటకో, యాగంటికో, బెలుం గుహలకో బయలుదేరే వాళ్లలో ఇప్పుడు ఆడవాళ్లూ ఉన్నారు. తిరిగొచ్చాక నలుగురూ కూచుని ఒకరి ఫోటోలు ఒకరు చూసుకుంటారు. అప్పుడు వినపడే మాటలు మనకు తెలిసినవే. "అద్భుతం!" "లైటింగ్ బాగుంది." "హారిజన్ వంగింది." "ఎడమవైపు కొంచెం కత్తిరిస్తే బాగుండేది." ఈ మాటలు మనకు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏం చూడమని నేర్పాయి, ఏం చూడనక్కర్లేదని నేర్పాయి? సాహిత్య విమర్శకు చరిత్ర ఉందని ఒప్పుకునే మనం, ఫోటో చూసి అనే మాటకూ చరిత్ర ఉందన్న సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే ఆ చరిత్ర మొదలైంది. 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి బేలూరు, హళేబీడు ఆలయాల ఫోటోలు పెట్టాడు. కాగితంపై తీసిన దృశ్యాల్లో ఇవే ఉత్తమమని న్యాయనిర్ణేతలు తేల్చారు. మరుసటి ఏడు మద్రాసు ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. సభ్యుల్లో ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ సరదాకి ఫోటోలు తీసే తెల్ల దొరలు. శిల్పం చెక్కుడు స్పష్టంగా కనపడిందా, రాతి మీద వెలుగునీడలు సరిగా పడ్డాయా అన్నవే వాళ్ల కొలతలు. ఆ రోజుల్లో ఆకాశం ఫోటోలో తెల్లగా, ఖాళీగా వచ్చేది. ట్రైప్ నెగెటివ్ మీద రంగు పూసి మబ్బులు కల్పించేవాడు. ప్రకృతిని "ఉన్నదున్నట్టు" చూపించడమన్నది మొదటి నుంచీ అంత సూటి వ్యవహారమేమీ కాదు.

ఈ కొలతలు స్త్రీ చేతిలోని కెమెరాకు ఎలా తగిలాయో చెప్పడానికి జూలియా మార్గరెట్ కామెరాన్ ఒక్కరు చాలు. 1815లో కలకత్తాలో పుట్టిన ఈమెకు నలభై ఎనిమిదేళ్ల వయసులో కూతురూ అల్లుడూ కెమెరా బహుమతిగా ఇచ్చారు. 1865లో లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ పత్రిక ఆమె చిత్రాల మీద రాసిన మాటల సారం ఇది: ఫోకస్ లేదు, ఈ మహిళ సాహసాన్ని మెచ్చుకోవాలిగానీ మిగతా లక్షణాలన్నీ గాలికి వదిలేసింది. ఆ మసక ఆమె కావాలని ఎంచుకున్నదేమోనని వాళ్లు అడగలేదు. "ఆడపిల్లవై అంత దూరం వెళ్లి తీశావా!" అని ఈనాడు మనకు దొరికే మెప్పుకు ఆ వాక్యం పెద్దక్క. సాహసాన్ని మెచ్చుకుని పనిని పక్కన పెట్టే మాట అది. అలాంటి మెప్పుతో ఏ ఫోటోగ్రాఫరూ తన తర్వాతి ఫోటోను మెరుగుపరచుకోలేదు.

మరి ఫ్రేము లోపలి స్త్రీ సంగతి? 1876-78 కరువు ధాత సంవత్సరంలో మొదలైంది. ధాత కరువు అని పేరుపడిన ఆ కరువు తీవ్రంగా కాటేసిన జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆకలికి ఎముకలు తేలిన తల్లుల్ని, పిల్లల్ని విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి వరసగా కూచోబెట్టి ఫోటోలు తీశాడు. అంతకుముందు పులివేట దృశ్యాలు తీసిందీ ఆయనే. అవి అడవిలో అనుకోకుండా దొరికినవి కావు, కెమెరా కోసం పేర్చినవి. కరువు ఫోటోలను కూడా ఆయన అలాగే పేర్చాడు. ఆకలితో ఉన్నవాళ్లకు పోజు చెప్పడమేమిటని ఆయన మీద ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది. 1886లో మాండలేలో మరణశిక్షలు అమలవుతుండగా కెమెరా పెట్టినప్పుడైతే పెద్ద దుమారమే రేగింది. ఫోటో మీద చేయవలసిన అసలు విమర్శ ఏమిటో ఆ కాలానికి బొత్తిగా తెలియదనలేం. అయితే ఆ విమర్శంతా ఫోటోగ్రాఫర్ మర్యాద చుట్టూనే తిరిగింది. ఆ తల్లుల పేర్లేమిటి, ఏ ఊరి నుంచి నడిచి వచ్చారు అన్న ప్రశ్న దాకా రాలేదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. కామెరాన్‌కు ఫోకస్ లేదన్న ఆ సొసైటీయే తర్వాత రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ అయింది. ప్రకృతిని ఫోటో తీసేవాళ్ల కోసం అది ఒక నియమావళి చేసింది. ఫోటో కన్నా ఆ ప్రాణి క్షేమం ముఖ్యమన్నది దాని మూలసూత్రం. ఈ నియమం విలువ పాత కర్నూలు జిల్లాలోని రోళ్లపాడుకు వెళ్తే అర్థమవుతుంది. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డిమైదానం అది. ఆ పక్షి సాధారణంగా వట్టి నేల మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. పొదిగేది ఆడపక్షి ఒక్కతే, మగపక్షి సాయం రాదు. కెమెరా పట్టుకుని దగ్గరికి పోతే తల్లి బెదిరి లేచిపోతుంది, గుడ్డు ఎండకూ కాకులకూ వదిలేసినట్టవుతుంది. అందుకే గూటి దగ్గర తీసిన ఫోటో చూపిస్తే తెలిసినవాళ్లు ముందు షార్ప్‌నెస్ గురించి మాట్లాడరు. "ఎంత దూరం నుంచి తీశావు?" అని అడుగుతారు.

ఇదే ప్రశ్న మనిషి విషయంలో ఎందుకు రాదు? 2014లో అంతర్జాతీయ ఫోటో సంస్థలు కలిసి రాసుకున్న నిర్వచనం ప్రకారం, ప్రకృతి ఫోటోలో మనిషి జాడ ఉండకూడదు. ప్రకృతి కథకు అవసరమైతేనే మినహాయింపు. మనిషి కట్టిన కొట్టంలో కాపురం పెట్టిన గుడ్లగూబ అలా లోపలికి రావచ్చు. ఆదోని దగ్గర పత్తి ఏరే ఆమె, బిందె నెత్తిన పెట్టుకుని నడిచే ఆమె మాత్రం "ట్రావెల్" విభాగానికి పోవాలి. అక్కడ ఆమె ఆ ప్రాంతపు రంగు, ఆ ప్రాంతపు సంస్కృతి. చీర ఎరుపు, నేల నలుపు, "కాంట్రాస్ట్ అదిరింది" అంటాం. పక్షికి నియమావళి ఉంది, ఆమెకు లేదు.

కాబట్టి తోటివారి ఫోటో మీద మనం చెప్పే మాట ఇక్కడి నుంచి మొదలు కావాలి. సాంకేతిక విషయాలు వద్దని కాదు. అవి చెప్పకుండా "బాగుంది" అనడం మర్యాదగా కనిపించే నిర్లక్ష్యం. అయితే వాటిని కూడా ఆమెను లెక్కలోకి తీసుకునే చెప్పవచ్చు. "గట్టు మీద నుంచి కిందికి చూస్తూ తీశావు, అందుకే ఆమె చిన్నదై నేలకు అతుక్కుపోయింది. ఆమె కళ్ల ఎత్తుకు దిగి తీసి చూడు." "బిందె అందంగా వచ్చింది, కానీ బోరింగు, అక్కడి వరస ఫ్రేము బయటే ఉండిపోయాయి. రెండడుగులు వెనక్కి వేసి ఉంటే ఎందుకు నడుస్తోందో తెలిసేది." "మధ్యాహ్నపు ఎండలో ముఖం నల్లబడింది. పొద్దున పూట వెళ్తే వెలుగు బాగుంటుంది, ఆమెకు మాట్లాడే తీరికా ఉండొచ్చు." "తీయనా అని అడిగావా? అడిగితే ఏమంది?" "ఫోటో కింద 'రాయలసీమ సౌందర్యం' అని కాక, ఊరు, నెల, ఆమె చేస్తున్న పని రాయి. ఆమెకిష్టమైతే పేరు కూడా రాయి."

ఇవి ఫోటోగ్రాఫర్‌ని చిన్నబుచ్చే మాటలు కావు. తర్వాతిసారి ఎక్కడ నిలబడాలో, ఎవరితో మాట్లాడాలో చెప్పే మాటలు. ధాత కరువు నాటి ఆ ఫోటోలు ఇప్పటికీ పుస్తకాల్లో అచ్చవుతున్నాయి. తీసినవాడి పేరు కింద ఉంటుంది. కూచున్నవాళ్ల పేర్లు ఇక ఎవరూ రాయలేరు. మన చేతిలోని ఫోటోల్లో ఉన్న వాళ్లను మాత్రం, ఇంకా అడగవచ్చు.