గర్భంలో గుండె సవ్వడి: చెవి నుంచి గీత దాకా

మీర్‌పేట్, ఇబ్రహీంపట్నం వంటి హైదరాబాదు పరిసర ఊళ్లలో మంత్రసాని చేతి మీదుగా కాన్పులు జరిగిన కాలంలో, కడుపులోని బిడ్డ క్షేమానికి తల్లికి తెలిసే కదలికలే ప్రధానమైన ఆనవాలు. ఐరోపాలో 1818లో జెనీవా వైద్యుడు ఫ్రాంస్వా మయోర్ గర్భవతి పొట్టకు చెవి ఆనించి శిశువు గుండె చప్పుడు విన్నాడు. 1895లో ఫ్రెంచ్ వైద్యుడు పినార్ రూపొందించిన కొమ్ము ఆకారపు గొట్టం ఆ వినికిడిని సులువు చేసి, నేటికీ వాడుకలో నిలిచింది.

ఆ తర్వాత అమెరికాలో వైద్యుడు ఎడ్వర్డ్ హాన్ 1958లో గుండె లయను విద్యుత్ పరికరంతో నమోదు చేసే పద్ధతిని ప్రకటించగా, అది క్రమంగా గుండె వేగాన్నీ గర్భాశయ సంకోచాలనూ ఒకే కాగితంపై గీసే కార్డియోటోకోగ్రఫీ, అంటే సీటీజీగా ఎదిగింది.

గీతను చదవడమే అసలు విద్య. నిమిషానికి 110 నుంచి 160 స్పందనలు సహజం. వేగంలో చిన్న ఒడుదొడుకులుండటం ఆరోగ్య చిహ్నం. నొప్పి శిఖరం దాటాక అట్టడుగుకు చేరి ఆలస్యంగా కోలుకునే తగ్గుదల పదే పదే కనిపిస్తే, మాయ ద్వారా ప్రాణవాయువు చాలడం లేదేమోనని శంకించాలి. ఈ శంక తీర్పు కాదు. దానిని తీర్పుగా పొరబడటమే అనవసరపు శస్త్రచికిత్సలకు దారితీసింది. 1985లో వెలువడిన డబ్లిన్ అధ్యయనంలో నిరంతర నమోదు వల్ల నవజాత శిశువుల మూర్ఛలు తగ్గినా, మరణాలు తగ్గలేదు. అందుకే ప్రమాద సూచనలు లేని తల్లికి నిర్ణీత వ్యవధుల్లో చెవితో వినడమే నేటికీ తగిన పద్ధతి.