అవసరం తీరినా కోరిక ఎందుకు తీరదు?

అల్మారా నిండి ఉన్నా, అందరి చేతిలోనూ కనిపించే కొత్త వస్తువును చూడగానే మనసు అటు లాగుతుంది. ఇది నేటి యువతరపు బలహీనత మాత్రమేనని మీరు భావిస్తున్నారా? చరిత్ర అలా చెప్పడం లేదు.

ఫ్రెంచి తత్త్వవేత్త దెనీ దిదరో 1769లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయనకు ఖరీదైన ఎర్రని అంగీ ఒకటి లభించింది. దాని పక్కన గదిలోని పాత సామగ్రి వెలవెలబోయింది. గడ్డి కుర్చీ పోయి తోలు కుర్చీ వచ్చింది. పాత బల్ల పోయి విలువైన బల్ల వచ్చింది. చివరకు ఆయన వదులుకున్న పాత అంగీ కోసమే విచారించాడు. ఒక వస్తువు మరో వస్తువును ఇంటికి పిలుచుకొని వచ్చే ఈ తీరుకు 1988లో గ్రాంట్ మెక్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త 'దిదరో ప్రభావం' అని పేరు పెట్టాడు. కౌపీనాన్ని ఎలుకల నుండి కాపాడుకొనేందుకు పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును తెచ్చుకొని, క్రమంగా సంసారిగా మారిన సన్యాసి కథ మనకు కొత్త కాదు గదా!

తరువాతి శతాబ్దంలో వ్యాపారులు ఈ స్వభావాన్ని చక్కగా గ్రహించారు. అరిస్తీద్ బూసికో 1852లో పారిస్‌లోని 'బాన్ మార్షే' దుకాణంలో భాగస్వామిగా చేరాడు. కొనకపోయినా లోపలికి రావచ్చు, బేరం అక్కరలేదు, నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చు. ఈ పద్ధతులను అక్కడక్కడ ఇతరులూ పాటించినా, ఆయన వాటన్నింటినీ ఒకే కప్పు కిందకు తెచ్చాడు. పిల్లలకు రంగుల బొమ్మకార్డులు ఇచ్చేవారు. వరుస పూర్తి కావాలంటే మళ్ళీ రావాలి. కొనుగోలుకు ముందు మనిషిని ఆపే సంకోచాలు ఒక్కొక్కటిగా తొలగిపోయాయి.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలోనే వైద్యులు దీని చీకటి కోణాన్ని గుర్తించారు. జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ అదుపులేని కొనుగోలును 'ఓనియోమేనియా' అన్నాడు. గ్రీకులో 'ఓనియోస్' అంటే అమ్మకానికి ఉన్నది అని అర్థం. 2013 నాటి అమెరికా మానసిక వ్యాధుల పట్టిక డీఎస్ఎం-5 దీనిని ప్రత్యేక వ్యాధిగా చేర్చలేదు. అయినా దాని వల్ల కలిగే అప్పులు, అపరాధభావం, కుటుంబ కలహాలు మాత్రం నిజమైనవే.

మెదడులో ఏమి జరుగుతుంది? వుల్ఫ్రామ్ షుల్ట్జ్ బృందం కోతులపై చేసిన ప్రయోగాలలో, పళ్ళరసం వస్తుందని సూచించే గుర్తును నేర్చుకొన్న తరువాత, డోపమైన్ కణాలు రసానికి కాక ఆ గుర్తుకే స్పందించాయి. రసం వస్తుందో రాదో సగం సగం అవకాశం ఉన్నప్పుడు, ఎదురుచూపు సమయంలో ఆ కణాల చురుకుదనం అత్యధికమని 2003లో వెల్లడించారు. మనిషి కొనుగోళ్ళను ఈ ఒక్క ప్రయోగమే వివరించజాలదు. కాని నేటి 'లబూబు' బొమ్మలను గమనించండి. వాటిని ఎక్కువగా మూసిన పెట్టెలలో అమ్ముతారు. తెరిచేవరకు లోపల ఏది ఉందో తెలియదు. అక్కడ మనం డబ్బు చెల్లిస్తున్నది బొమ్మకు ఎంతో, ఎదురుచూపుకూ అంతే. పెట్టె తెరిచాక ఆ ఎదురుచూపు ముగుస్తుంది. అందుకే మరో పెట్టె కావాలనిపిస్తుంది.

సరదాగా వస్తువులు సేకరించడం జబ్బు కాదు. అయితే కొన్నవి విప్పకుండానే పడి ఉన్నా, బిల్లులను ఇంట్లోవారి నుండి దాస్తున్నా, దిగులు కలిగినప్పుడల్లా కొంటున్నా, అప్పు పెరుగుతున్నా జాగ్రత్తపడండి. మందలింపు కంటే మనోవైద్యుని సలహా మేలు. ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే చికిత్స (సీబీటీ) పలువురికి ఉపకరిస్తుంది.

మిగిలినవారికి ఒక చిన్న సూచన. దుకాణం తొలగించిన సంకోచాన్ని మీరే తిరిగి నిలబెట్టుకోండి. నచ్చిన వస్తువు పేరు కాగితంపై రాసి, వారం రోజులు ఆగండి. ఆ తరువాత కూడా అది అవసరమనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి.