కారం (ఇంద్రియానుభవం)

మిరపకాయ తిన్నప్పుడు నోట్లో పుట్టే మంట కారం. ఉగాది పచ్చడిలో షడ్రుచుల్లో ఒకటిగా దీనికి పీట వేశాం గానీ, శరీరశాస్త్రం లెక్కలో ఇది రుచి కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి రుచిమొగ్గలకు తెలుస్తాయి. కారం తెలిసేది వేడినీ నొప్పినీ మోసే నరాల కొసలకు. మిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నులుముకుంటే ఆ మంటే కంట్లోనూ పుట్టడానికి కారణం ఇదే.

మంటకు మూలం క్యాప్సైసిన్. ఇది గింజల్లో ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి తయారయ్యేది గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి భాగంలో.

1997లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం, నరకణం పొరలో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీనే క్యాప్సైసిన్‌కు స్పందిస్తుందని కనుగొంది. అదొక తలుపు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినా తెరుచుకుంటుంది, క్యాప్సైసిన్ వచ్చి అతుక్కున్నా తెరుచుకుంటుంది. కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి చొరబడి విద్యుత్ సంకేతం పుడుతుంది. తలుపు తీసింది నిప్పా, మిరపకాయా అన్న కబురు మాత్రం ఆ సంకేతంలో ఉండదు. ఈ కథంతటికీ కీలకం ఇక్కడే ఉంది. జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

సంకేతం ముఖం నుంచి మెదడుకు వెళ్లే త్రిధార నాడి వెంట మెదడు కాండానికి, అక్కణ్ణుంచి థాలమస్‌కు, ఆపైన మెదడు పైపొర అయిన వల్కలానికి చేరుతుంది. మంట ఎక్కడుందో స్పర్శ వల్కలం తేలుస్తుంది. అది ఎంత బాధగా ఉందన్నది ప్రధానంగా ఇన్సులా, సింగ్యులేట్ ప్రాంతాల పని. నోరు నిజంగా కాలకపోయినా నుదుట చెమటలు పోస్తాయి. ‘నోరు మండిపోతోంది’ అన్న మన మాట మెదడు చేసిన నిర్ధారణను ఉన్నదున్నట్టు చెబుతుంది.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆవకాయ అన్నంలో అమ్మ వేసే నెయ్యి చేసే మేలు అదే. పదేపదే తింటే ఆ నరాల కొసలు మొద్దుబారతాయి. అందుకే కొత్తవాడు కన్నీళ్లు పెట్టుకునే ముద్దను అలవాటైనవాడు ఇష్టంగా తింటాడు.

పక్షుల్లోనూ ఈ ప్రొటీన్ ఉంది, వేడికి స్పందిస్తుంది కూడా. కానీ క్యాప్సైసిన్‌కు మాత్రం దాదాపుగా లొంగదు. పండుమిరపకాయను కొరికి తినే చిలకకు కారమన్నదే లేదు.